డెడ్ స్టాక్ గది: ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 20

2025 అక్టోబరు 14తో విండోస్ 10 కథ ముగిసింది, మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు అప్‌డేట్లు ఆగిపోయినాయి. మా ల్యాబులో ఉన్న 30 కంప్యూటర్లూ ఇంటెల్ నాలుగో తరం ఐ3లు. విండోస్ 11 ఎక్కాలంటే ఎనిమిదో తరమో ఆపైదో కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. మావాటికి రెండూ లేవు. ఆరు నెలలు ఎట్లో నెట్టుకొచ్చినాము. ఈ పొద్దు ప్రిన్సిపాల్ సార్ పిలిచి, "జూన్‌కల్లా కొత్తవి 20 వస్తాయి. పాతవన్నీ స్టోరులో పెట్టించు" అన్నారు.

స్టోరులో చోటుంటే కదా పెట్టించేది.

మాది కడపలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. మెట్ల కింద నుంచి వెనక వరండా దాకా పోయే పొడుగాటి గది ఒకటుంది. దాని బీగం చివరిసారి ఎప్పుడు తీసినారో ఎవరికీ గుర్తులేదు. పాత సామాన్ల లెక్క రాసే డెడ్ స్టాక్ రిజిస్టర్ ప్రకారం ఆ గదికి బాధ్యుణ్ణి నేనే. 11 ఏళ్ళ కింద ల్యాబ్ ఇన్‌చార్జిగా చేరిన రోజు, నాకు ముందున్నాయన రిజిస్టర్ తెరిచి "ఇక్కడొక సంతకం" అన్నాడు. పెట్టినాను. లెక్క చూసుకుంటానని అడగలేదు. కొత్త ఉద్యోగం, అడిగితే అనుమానిస్తున్నానని అనుకుంటాడేమో అనిపించింది. ఆ సంతకం భయానికే ఇన్నేళ్ళూ ఆ వరండా వైపు కూడా పోలేదు.

అటెండరన్నను బీగంచెవి అడిగితే, "మీ దగ్గరే ఉండాల కదా సార్" అన్నాడు.

"నా దగ్గర లేదన్నా."

"అయితే పగలగొట్టాల్సిందే."

ఏప్రిల్ 21

పగలగొట్టే పని పడలేదు. ప్రిన్సిపాల్ సార్ బీరువా అడుగున, ఆయుధపూజ సామాన్లుండే డబ్బాలో కుంకుమ అంటుకుని దొరికింది చెవి.

తలుపు తీస్తే ముందు వేడి కొట్టింది, తర్వాత వాసన. ఎలుక పెంటిక, చెదపుట్ట మన్ను, వీటన్నిటి కింద ముక్కు లోపల మండే పుల్లటి వాసన ఒకటి. అది బ్యాటరీలదని నాకు తెలుసు, కానీ ఈ పొద్దు ఆ మూలకు పోలేదు. గడపలో నుంచే చూసినాము. లావుపాటి పాత మానిటర్లు కుమ్మరి ఆవంలో కుండల మాదిరి ఒకదాని మీద ఒకటి. సీపీయూ డబ్బాలు గోడ పొడుగునా. రెండు గోతాల నిండా కీబోర్డులు, మౌసులు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు. ఎవరో ఎప్పుడో దూర్చిన విరిగిన బల్లలు, ఇనుప ర్యాకులు, ఒక తెల్లబోర్డు.

ఏదైనా బయట పడేయడానికి ముందు ప్రతి వస్తువుకూ ఒక చీటీ కట్టాలని అనుకున్నాము. వస్తువు పేరు, రిజిస్టర్లో నంబరు, పనిచేస్తుందా లేదా, అంతే నా ఆలోచన. మొదటి మానిటర్ బయటికి లాగుతూ అటెండరన్న అన్నాడు: "ఇది ఆగిపోయి రాలేదు సార్. ఎల్‌సీడీలు వచ్చినాయని తీసుకొచ్చి పెట్టినాము. నేనే మోసినా." దాంతో చీటీలో నాలుగో గడి చేర్చినాను: ఎందుకు ఆగింది. 26 ఏళ్ళుగా ఇక్కడే ఉన్న మనిషి ఆయన. రిజిస్టర్‌కు తెలియనిది ఆయనకు తెలుసు.

ఏప్రిల్ 24

మూడు పూటలు పట్టింది లెక్క. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి పది కొట్టే లోపల ఆపేస్తున్నాము, ఆ తర్వాత ఆ గదిలో మనిషి నిలబడలేడు.

సీపీయూలు 41, పాత మానిటర్లు 38, చిన్న యూపీఎస్‌లు 19. పెద్ద ఆన్‌లైన్ యూపీఎస్ ఒకటి, దానికి 12 వోల్టుల బ్యాటరీలు 16. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు 4, ఇంక్‌జెట్‌లు 3, ఫ్యాక్స్ మిషన్ ఒకటి, ఎల్‌సీడీ ప్రొజెక్టర్లు 2, అంతకు ముందు కాలపు ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ ఒకటి, వేలిముద్రల హాజరు మిషన్ ఒకటి. ఇంకా ప్రింటర్ కాగితం పెట్టెలు మూడు ఉన్నాయి గానీ, పై అట్ట మాత్రమే పెట్టె, లోపలంతా చెదలు.

రిజిస్టర్లో సీపీయూలు 46. అయిదు తక్కువ.

ఇన్నేళ్ళూ నన్ను వరండా వైపు పోనీయనిది ఈ అంకెనే. తలుపు తెరవనన్నాళ్ళూ లెక్క సరిగ్గానే ఉండింది. తెరిచిన మూడో రోజుకు అయిదు సీపీయూలు నా నెత్తిన పడినాయి. ఆఫీసుల్లో పనికిరాని సామాన్లు పదేసి ఏళ్ళు కదలకపోవడానికి బద్ధకం కారణం అంటారు. నాకు మాత్రం బద్ధకం తక్కువ, భయం ఎక్కువ అని తేలింది.

రాత్రి ఇంట్లో కూర్చుని చీటీలన్నీ చదివినాను. నాలుగో గడి చదువుతుంటే నవ్వొచ్చింది. నిజంగా పాడై ఆగినవి సగం కూడా లేవు. ఒక ప్రింటర్ రిబ్బన్ ఎండిపోయి ఆగింది. ఇంకోటి, కొత్త కంప్యూటర్లకు వెనక పాత ప్రింటర్ తీగ తగిలించే పారలల్ పోర్టు లేక ఆగింది. ప్రొజెక్టర్‌కు దీపం పోయింది, దీపం ధర విని ఎవరూ తెప్పించలేదు. రెండో ప్రొజెక్టర్ బాగానే ఉంది, దాని తీగ ఎవరో పట్టుకుపోయినారు. హాజరు మిషన్ పాస్‌వర్డ్ తెలిసిన అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం వచ్చి పోయినాడు, అది ఆ వారమే ఆగింది. ఫ్యాక్స్ మిషన్ ఎందుకు కొన్నామో అటెండరన్నకు కూడా గుర్తులేదు.

ఏప్రిల్ 27

గుజిరీ ఆయన వచ్చినాడు. ప్రిన్సిపాల్ సారే పిలిపించినారు. గదంతా ఒక చూపు చూసి, తూకం లేకుండా "మొత్తానికి 14 వేలు, ఈ పొద్దే ఎత్తేస్తా" అన్నాడు. సార్ ముఖం వెలిగింది.

మానిటర్లు ఏం చేస్తావన్నా అని అడిగినాను. దాపరికం లేని మనిషి, చెప్పేసినాడు. వెనక మెడకు చుట్టి ఉండే రాగి తీగ తీసుకుంటాడు, బోర్డు వేరేవాళ్ళకు పోతుంది, ప్లాస్టిక్ ఒకచోటికి. "గాజు?" అంటే, "గాజు ఎవరు కొంటారు సార్, వంక పక్కన పోయడమే." తీగల మీది రబ్బరు కాల్చి రాగి తీసేదీ ఆ వంక పక్కనే. బుగ్గవంక మీద వంతెన దాటేటప్పుడు అప్పుడప్పుడూ నల్లటి పొగ కనబడితే టైర్లు అనుకునేవాణ్ణి.

ఆ గాజు మామూలు గాజు కాదు. మానిటర్ వెనక గరాటు మాదిరి ఉండే భాగంలో సీసం కలిసి ఉంటుంది. ఎక్స్‌రే కిరణాలు బయటికి రాకుండా కలుపుతారు. ముందు తెర లోపలి వైపు పూసిన పొడి కూడా చేతికి అంటకూడనిదే. పైగా లోపలంతా శూన్యం. సుత్తితో కొడితే ముక్కలు లోపలికి పేలి బయటికి ఎగురుతాయి.

ఒక వారం టైం ఇవ్వండి సార్, హార్డ్‌డిస్కులు తుడవాలి అని మాత్రం అన్నాను. వంక గురించి అప్పుడే ఎత్తితే పని చెడుతుంది.

ఏప్రిల్ 29

ఎత్తినాను, చెడింది.

2022 నవంబరులో ప్రకటించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న ఈ-వ్యర్థాల నిబంధనలు చదివి, రెండు పేజీలు ముద్రించి సార్ టేబుల్ మీద పెట్టినాను. భారీ వినియోగదారులు ఇట్లాంటి సామాన్లను రిజిస్టరైన రీసైక్లర్లకో, బాగుచేసి అమ్మే రిఫర్బిషర్లకో, తయారీదార్లకో తప్ప ఇవ్వకూడదు. సార్ లెక్కల మాస్టారు. అద్దాలు పెట్టుకుని నిర్వచనం చదివినారు. ఏడాదిలో 1000 పరికరాలు వాడితేనే భారీ వినియోగదారు. "మనకు 200 కూడా లేవు. మనకు వర్తించదు" అని కాగితం నా వైపు జరిపినారు.

ఆయన చదివింది తప్పు కాదు. అందుకే నాకు జవాబు దొరకలేదు.

మే 2

హార్డ్‌డిస్కులు. 41 డబ్బాల్లో 7 డబ్బాలకు డిస్కే లేదు. మిగతా 34 ఊడదీసినాము. ఎక్కువ 40 జీబీ, 80 జీబీవి, వెడల్పు రిబ్బన్ తీగ తగిలించే పాత రకం. వాటిని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ ఒకటి తెప్పించినాను. ల్యాబ్ మిషన్ ఒకదాన్ని లినక్స్ పెన్‌డ్రైవ్‌తో లేపి, ఎన్‌వైప్ అనే ప్రోగ్రాంతో మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాయించడం, అంతే పని. ఏడుసార్లు, 35 సార్లు రాయాలని పాతకాలపు మాట ఒకటి తిరుగుతుంటుంది. ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలు. 80 జీబీ డిస్కుకు ముక్కాలు గంట పడుతోంది. ఒకటి తగిలించి, టీ తాగొచ్చి, ఇంకోటి తగిలించడం.

తుడిచే ముందు లోపల ఏముందో చూసినాను. చూడకుండా ఉండాల్సింది అనిపించింది ఒక చోట. ఆఫీసు మిషన్‌దే ఒక డిస్కు. స్కాలర్‌షిప్పుల ఫోల్డర్. ఏడాదికొకటి, తరగతికొకటి. పిల్లల ఆధార్ కార్డులు, కుల ధ్రువీకరణలు, ఆదాయ పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్కుల మొదటి పేజీలు, అన్నీ స్కాన్లు. కొన్ని వందల మంది. వాళ్ళలో కొందరికి ఇప్పుడు పిల్లలు పుట్టి ఉంటారు. దాని పక్కనే "స్టాఫ్" అని ఇంకో ఫోల్డర్. మొదటి ఫైలు ప్రిన్సిపాల్ సార్ పాస్‌బుక్.

ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి తీసుకుపోయినాను. నిబంధనల పేజీలకన్నా చాలా సన్నని కాగితం.

"ఇదెట్లా వచ్చింది ఇందులోకి?"

"జీతాల ఖాతా మార్చినప్పుడు మీరే స్కాన్ చేయించినారు సార్, 2012లో. పోయిన వారం 14 వేలకు అమ్మబోయిన దాంట్లోదే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రీసైక్లర్ ఎవరో కనుక్కో" అన్నారు. డిస్కులు మాత్రం పీకేసి మిగతాది గుజిరీకి ఇవ్వొచ్చు కదా అని అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.

మే 4

34 డిస్కుల్లో 22 తుడిచినాము, ఒకటి ఇంకా వరసలో ఉంది. 11 తిరగడమే లేదు, లేదంటే టకటకమని కొట్టుకుంటున్నాయి. వాటికి డ్రిల్లింగ్ మిషన్. ఒక్కోదానికి మూడు రంధ్రాలు, పళ్ళేల గుండా. కంటికి అద్దాలు తప్పనిసరి. ల్యాప్‌టాప్ చిన్న డిస్కుల్లో పళ్ళేలు చాలావరకు గాజువి, డ్రిల్ తగిలితే పిండి పిండిగా పగులుతాయి. పెద్దవాటిలో అల్యూమినియం, నిదానంగా దిగుతుంది. అటెండరన్నకు ఈ పని బాగా నచ్చింది. ఒక పళ్ళెం అడిగి తీసుకున్నాడు, మనవరాలికి అద్దంగా.

హాజరు మిషన్‌లో మా అందరి వేలిముద్రల గుర్తులు ఉన్నాయి. పాస్‌వర్డ్ కోసం బెంగళూరు అబ్బాయికి ఫోన్ చేసినాను. రెండు నిమిషాల్లో చెప్పినాడు. "ఇంకా అదే ఉందా అన్నా?" అని నవ్వినాడు. ఒక్క ఫోన్ దూరంలో ఉన్న దానికి నాలుగేళ్ళు ఆగింది ఆ మిషన్. ముద్రలన్నీ చెరిపేసినాను. మళ్ళీ గోడకు కొట్టే ఉద్దేశం నాకు లేదు, అది వేరే కథ.

మే 6

ఈ రోజు పని ముందుకు పోలేదు, వెనక్కి పోయినాను.

ఒక సీపీయూ మీద మార్కర్‌తో "మ్యాగజైన్, ముట్టుకోవద్దు" అని రాసుంది. ఎవరి చేతిరాతో తెలియదు. పెంటియం 4, విండోస్ ఎక్స్‌పీ. దాని డిస్కు కూడా తుడవాల్సిన వరసలో ఉండింది. రాసినవాళ్ళ మీద గౌరవంతో డిస్కు మళ్ళీ తగిలించి ఒకసారి లేపి చూసినాను. గడియారం బ్యాటరీ చచ్చిపోయి 2002 జనవరి అంటోంది. సీఆర్2032 గుండీ బ్యాటరీ కొత్తది వేస్తే దారికొచ్చింది. డెస్క్‌టాప్ మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అచ్చుకు వాడే అను ఫాంట్లు. ఒక ఫోల్డర్లో 2003 నుంచి 2011 దాకా కాలేజీ వార్షిక సంచికలు.

ఆ రోజుల్లో డీటీపీ చేసినవాళ్ళకు నొప్పి ఎక్కడో తెలుస్తుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఏ మిషన్లోనైనా తెలుగును తెలుగుగానే చూపే ఇప్పటి పద్ధతి కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టిన ఏర్పాటు అది. ఫాంటు ఉన్న మిషన్లో అది పద్యం. లేని మిషన్లో అదే ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు కలగలిసిన గంద్రగోళం. పేజ్‌మేకర్‌ను అడోబీ ఎప్పుడో ఆపేసింది. అంటే ఈ డబ్బా ఒక్కటి పోతే ఆ తొమ్మిది సంచికలూ చదవగలిగే మిషన్ మా దగ్గర ఇంకోటి లేదు. అచ్చు ప్రతులు లైబ్రరీలో రెండేళ్ళవి మాత్రమే ఉన్నాయి, అడిగి చూసినాను.

మధ్యాహ్నం దాకా చదువుతూ కూర్చున్నాను. ఒక బీకాం అమ్మాయి వేరుశనగ కోతల మీద రాసిన కథ ఉంది. కళ్ళంలో పొద్దు వాలేదాకా కాయలు పీకే పని, కూలి లెక్క, తేలు కుట్టిన చెల్లెలు. నేను చేరకముందే చదువు ముగించిపోయింది. ఆమె దగ్గర ఆ కథ ఉందో లేదో.

తొమ్మిదీ పీడీఎఫ్‌లు చేసినాను. కథలు, వ్యాసాలు మాత్రం పాఠంగా తీసి కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టినాను. ఒత్తులు చాలాచోట్ల తప్పు పడుతున్నాయి, "క్ష"లన్నీ చూసుకోవాలి. ఆ పని జూలై దాకా సాగుతుంది. నేను రోజూ వచ్చే దారిలోనే సి.పి. బ్రౌన్ లైబ్రరీ. ఆ దొర ఇదే ఊర్లో తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు చూసి రాయించినాడు. ఆయన పండితుల చేత చేయించిన పని మాకు కన్వర్టర్ చేస్తోంది, తప్పులతో సహా.

ఈ మిషన్ మాత్రం పోదు. నెట్ తీగ పీకేసి, చీటీ మీద "ఎందుకు ఉంది" అని కొత్త గడి గీసి కారణం రాసినాను. ఉంచేవాటికి కూడా కారణం రాసి ఉండాలి. లేకుంటే ఇంకో పదేళ్ళకు ఇంకొకరు మార్కర్ రాత చూసి తికమక పడతారు.

మే 9

పులుపు వాసన మూలకు పోక తప్పలేదు.

పెద్ద యూపీఎస్ కింద 16 బ్యాటరీలు రెండు వరసల్లో. ఆరు ఉబ్బి పగిలినాయి. రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు, ఒక బక్కెట్ నీళ్ళు, కిలో వంటసోడా. తడిసిన చోటల్లా సోడా చల్లితే బుసబుసమని పొంగుతుంది, పొంగు ఆగేదాకా చల్లాలి. ముందు తీగల కొనలకు టేపు చుట్టినాము. వరసగా కలిపిన 16 బ్యాటరీలు అంటే 192 వోల్టులు, చచ్చినాయనుకున్న దాంట్లో కూడా కొంత మిగిలి ఉండొచ్చు. అంత జాగ్రత్త పడీ చివర్లో బ్యాటరీ ఎత్తేటప్పుడు పొట్టకు ఆనించుకున్నాను. సాయంత్రం ఇంట్లో చూసుకుంటే చొక్కాకు జల్లెడ రంధ్రాలు. మా ఇంటావిడ అన్న మాటలు ఇక్కడ రాయను.

కింద నేల కడప బండలు. బ్యాటరీలు తీసినాక నల్లటి బండ మీద గంప మూతంత తెల్లటి మచ్చ బయటపడింది. కడప బండ అంటే సున్నపురాయే కదా, యాసిడ్ ఏళ్ళ తరబడి దాన్ని తిని సుద్ద మాదిరి చేసింది. గోటితో గీకితే పొడి రాలుతోంది.

సీసపు బ్యాటరీలకు తిప్పలు లేవు. వాటికి విలువుంది, కొత్తవి కొంటే అంగడాయన పాతవి ఎదురు తీసుకుంటాడు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్ల మీదే ఉంది. కొత్త ల్యాబ్ యూపీఎస్ ఆర్డర్‌లోనే ఈ 16, చిన్నవాటిలోవి 19, అన్నీ కలిపి రాయించినాను.

మే 12

చిన్న చిన్న విజయాలు.

రిబ్బన్ మార్చి, యూఎస్‌బీ నుంచి పారలల్‌కు మార్చే తీగ ఒకటి కొని టీవీఎస్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను లేపినాము. కిర్రుమని అరిచి, మూడు ప్రతులు ఒకేసారి కొట్టింది. ఆఫీసులో ఫీజు రసీదులు కార్బన్ పెట్టి చేత్తో రాస్తున్నారు ఏడేళ్ళుగా. లేజర్ ప్రింటర్ ఎంత గొప్పదైనా ఒక దెబ్బకు మూడు కాగితాల మీద ముద్ర వేయలేదు. ఆఫీసు మేడం సంతోషించింది, శబ్దానికి మాత్రం కాదు.

ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ ఫిజిక్స్ సార్‌కు ఇచ్చినాను. పై అద్దం పలక నిజానికి ఫ్రెనెల్ కటకం. వరండాలో ఎండకు పట్టి చూపించినాడు. మే నెల కడప ఎండ, కాగితం పొగ రావడానికి క్షణం పట్టలేదు. నేను వెంటనే గుడ్డ కప్పించినాను. ఎండలో వదిలేస్తే గది తగలబడేది.

తీగ పోయిన ప్రొజెక్టర్‌కు తీగ కొన్నాము. పనిచేస్తోంది. దీపం పోయినదాన్ని వదిలేసినాము.

మే 15

41 సీపీయూల్లో 12 కోర్ 2 డ్యుయో ప్రాసెసర్లవి, మిగతావి అంతకన్నా పాత పెంటియం 4లు, ఇంకా పాతవి. మొదట్లో అన్నిటినీ బతికించాలని ఆశ పడినాను. ఫిజిక్స్ ల్యాబ్ నుంచి కరెంటు మీటరు తెచ్చి ఒక పెంటియం 4కి పాత మానిటర్ కలిపి కొలిస్తే 190 వాట్లు లాగుతోంది. ఇప్పటి ల్యాబ్ మిషన్, ఎల్‌సీడీతో కలిపి, 60 దాటడం లేదు. నిదానంగా కదిలే దానికి మూడింతల కరెంటు. అట్లాంటి వాటిని బాగుచేసి వాడమని నేను ఎవరికీ చెప్పను. బాగుచేయడం మంచి పనే, ప్రతిదానికీ కాదు.

కోర్ 2 డ్యుయోల ముక్కలు ఏరి, ఒక్కోదానికి రెండు 1 జీబీ ర్యాములు వేసి, ఉబ్బిన కెపాసిటర్లున్న బోర్డులు పక్కన పెట్టి, ఆరు మిషన్లు నిలబెట్టినాను. పాత మిషన్లకు సరిపోయే తేలికపాటి యాంటిఎక్స్ లినక్స్ ఎక్కించినాను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో తెలుగు టైపింగ్ నేర్పడానికి చాలు, సినిమాలు చూడ్డానికి చాలవు.

ఎవరికైనా దానం చేద్దామని దగ్గర్లోని హైస్కూలు హెడ్మాస్టరును అడిగినాను. మర్యాదగా నవ్వి, "మా దగ్గరా ఒక బీగం వేసిన గది ఉంది సార్" అన్నాడు. సిగ్గేసింది. ముప్పాతిక దానాలు ఇంతే, మన స్టోరు బరువు వాళ్ళ నెత్తికి మార్చడం. ఆరూ మా కాలేజీలోనే ఉంటాయి, లైబ్రరీ పక్క గదిలో.

మే 19

కండెమ్నేషన్ కమిటీ, అంటే పనికిరాని సామాన్లను లెక్కలో నుంచి తీసేసే కమిటీ. ప్రిన్సిపాల్ సార్, అకౌంటెంట్ మేడం, ఫిజిక్స్ సార్, నేను. మూడు గంటలు కూర్చున్నాము. ఫ్యాను తిరుగుతున్నా రిజిస్టర్ మీద చెమట చుక్కలు.

అయిదు సీపీయూల సంగతి నేనే ముందు ఎత్తినాను. సార్ ముఖం మాడ్చుకున్నారు. అకౌంటెంట్ మేడం క్యాలిక్యులేటర్ తీసింది. 28,000కు కొన్న కంప్యూటర్. ఆదాయపు పన్ను లెక్కలో ఇప్పుడు ఏటా 40 శాతం తరుగుదల. 15 ఏళ్ళు తగ్గించుకుంటూ పోయింది, అంకె మా వైపు తిప్పింది: 13 రూపాయల 17 పైసలు. "పాత రోజుల్లో 60 శాతం ఉండింది, అది వేస్తే ఇంకా తక్కువ. ఈ 13 రూపాయలకు సార్ పదకొండేళ్ళు భయపడినాడు" అంది. నా వైపు చూసే అంది. నేనూ నవ్వినాను, ఏం చేస్తాను.

అప్పుడు అటెండరన్న తలుపు దగ్గర నుంచి, "ఒకటి స్టాఫ్ రూములో ఉంది సార్" అన్నాడు. ఎక్కడ? వాటర్ క్యాన్ కింద. పూల గుడ్డ కప్పి పీట మాదిరి వాడుతున్నాము. పదకొండేళ్ళుగా దాని మీది నీళ్ళే తాగుతున్నా. ఇంకో రెండు హాస్టల్ వార్డెన్ గదిలో దొరికినాయి, ఒకటి మంచం కోడు కింద ఎత్తుకు. మిగతా రెండు దొరకలేదు. రిజిస్టర్లో "కనబడలేదు" అని ఎర్ర సిరాతో రాసి నేను సంతకం పెట్టినాను, మిగతా ముగ్గురూ పెట్టినారు. ఏమీ కాలేదు.

మే 28

రీసైక్లర్ దొరకడం అంత సులభం కాలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో రిజిస్టరైనవాళ్ళ జాబితా ఉంటుంది. ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే ప్రశ్న: ఎన్ని టన్నులు? టన్నుకు తక్కువైతే బండి రాదు. మాది 900 కిలోల దగ్గర ఆగుతోంది. పక్క వీధి ఇంటర్ కాలేజీ వాళ్ళను అడిగితే వాళ్ళకూ ఒక గది, ఒక బీగం. రెండు రోజుల్లో వాళ్ళ సామాన్లూ కలిసినాయి.

ఈ పొద్దు బండి వచ్చింది. తూకం 1,340 కిలోలు. రవాణా పోను మా వాటాకు 6,200 వచ్చింది. గుజిరీ ఆయన చెప్పిన దానికన్నా 7,800 తక్కువ. ఆ మాట సార్ రెండుసార్లు అన్నారు, మూడోసారి అనలేదు. రసీదు మీద వరస నంబర్లతో సహా రాయించుకున్నాము.

గుజిరీ ఆయనను వట్టి చేతులతో పంపలేదు. ఇనుప ర్యాకులు, విరిగిన బల్లల కాళ్ళు, ఖాళీ క్యాబినెట్ రేకులు ఆయనకే. తూకం నిక్కచ్చిగా వేసినాడు. "గాజు లేకుంటే నాకూ తలనొప్పి లేదు సార్" అన్నాడు.

జూన్ 1

ల్యాబులోని 30 మిషన్లలో 22కి పాత హార్డ్‌డిస్కుల బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీలు వేసి లినక్స్ మింట్ ఎక్కించినాము. మూడు నిమిషాలు లేచేవి ఇప్పుడు అర నిమిషంలో లేస్తున్నాయి. అవి రెండో ల్యాబ్. మిగిలిన ఎనిమిదింటిలో మూడు ముక్కల కోసం, అయిదు చీటీతో సహా తర్వాతి బండికి. స్టోరులోకి ఒక్కటీ పోలేదు.

గది కడిగించినాము. తెల్ల మచ్చ పోలేదు, బండ మార్చాల్సిందే అన్నాడు మేస్త్రీ. దాని మీద చాప పరిచి వదిలేసినాము.

సాయంత్రం అయిదింటికి ఆఫీసు వాళ్ళు ఇద్దరు పాత జిరాక్స్ మిషన్ తోసుకుంటూ వరండాలోకి వచ్చినారు. ఖాళీ అయిందని విన్నారంట. అటెండరన్న గడపలో నిలబడి చీటీల కట్ట తీసినాడు.

"ఎందుకాగింది?"

"టోనర్ అయిపోయిందన్నా."

"అయితే టోనర్ తెచ్చుకోపోండి సార్," అని తలుపు దగ్గరికేసినాడు.